మీటరు మీద ఎర్ర గీత

పోయిన శుక్రవారం పొద్దున మా బ్యాటరీ సాయిబుగారు పోయారు. తిరువూరు బస్టాండు వెనక రేకుల షెడ్డులో బ్యాటరీలు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు యాసిడ్ ఆవిరి పీల్చిన మనిషి. "వయసైపోయింది, పోయాడు" అన్నాడొక పెద్దమనిషి. కాదు. గాలాడని చోట పనిచేసి పోయారు. ఆ తేడా తెలియనట్టు నటించేవాళ్లతో నా పేచీ ఇంకా తీరలేదు.

మా సంఘానికి జీపు వెనక తగిలించే చిన్న ట్రైలరుంది. రెండు పడక బల్లలు, పుస్తకాల పెట్టె, మైకు సెట్టు, దాన్ని నడిపే బ్యాటరీ. దాంతోనే ఊళ్లు తిరిగి కూలీల సభలు పెడతాం. ఒక సాయంత్రం వినగడపలో నేను గంటన్నర ఉపన్యాసం దంచాను. తర్వాత నాట్లు వేసే ఒకావిడ లేచింది. తెల్లవారకముందే పొలంలోకి దింపి పొద్దుగూకినా వదలని సంగతి చెప్పాలని వచ్చింది. "అయ్యా" అందో లేదో, మైకు మూగబోయింది. వెనక వరసల ఆడవాళ్లకు ఒక్క ముక్క వినపడలేదు. ఆసాముల అరుగు మీద ఒకటే నవ్వు. జీపు బ్యాటరీ కూడా ఖాళీ. తోసుకుంటూ ఊరు దాటాం.

మర్నాడు షెడ్డు మీదికి వెళ్లి పడ్డాను. "ఏంటి సాయిబుగారూ, పనికిరాని బ్యాటరీ అంటగట్టారు?"

ఆయన చిల్లుల చొక్కాకు చేతులు తుడుచుకుని, జీపు స్టార్టు చేయించి, ట్రైలరుకు వెళ్లే వైరు నా చేతిలో పెట్టారు.

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది."

"బ్యాటరీని తిట్టే ముందు వైరు పట్టుకు చూడాలండీ. డైనమో ఇచ్చే కరెంటు ఈ సన్న వైరులోనే వేడైపోతోంది. అవతలికి చేరేది కాస్తే. మీ ఉపన్యాసం లాగే, కామ్రేడుగారూ."

"నా ఉపన్యాసానికేం?"

"మా బావమరిది విన్నాడు. ఇంటికొచ్చి ఒక్కటే అడిగాడు, చివర్లో లేచినావిడ ఏం చెప్పబోయింది అని."

వాదన మాని, బాగుచేసి పెట్టమని బతిమాలాను. అది నాకు అలవాటు లేని పని.

రెండ్రోజులు కూర్చుని లావు వైర్లు లాగారు. ట్రైలరులో రెండో బ్యాటరీ పెట్టారు. బండి ఆగగానే తిప్పమని ఒక స్విచ్చి బిగించారు. ఇక ట్రైలరు ఎంత వాడుకున్నా జీపు బ్యాటరీ జోలికి పోదు. చివరికి, మాట్లాడేవాడి కళ్లెదుట బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపే ఒక మీటరు పెట్టి, దాని అద్దం మీద కూతురి గోళ్లరంగుతో ఎర్రగా గీత గీశారు.

"సూది ఇక్కడికొస్తే మీరు దిగిపోవాలి."

"నేనెందుకు దిగాలి?"

"మిగతాది వాళ్లదండి. మీ రంగే వేశాలెండి, కోపం తెచ్చుకోకండి."

వాదించాను. ఆయన నవ్వుతూ, యాసిడ్ పోయేలా వంటసోడాతో చేతులు కడుక్కున్నారు.

మళ్లీ వినగడప. సూది గీతను తాకింది. వాక్యం మధ్యలో ఆపి దిగాను. ఆవిడ మాట్లాడింది. వెనక వరసలు లేచి నిలబడ్డాయి. ఆ నాట్లకు పొద్దు పొడవకముందు ఎవరూ పొలంలో కాలు పెట్టలేదు. ఆ గెలుపులో ఆయన వాటా నా వాటాకన్నా పెద్దది. కాదనేవాళ్లు నా ముందుకు రావచ్చు.

ఆదివారం షెడ్డు ముందే ట్రైలరు నిలిపి సంతాప సభ పెట్టాం. యాసిడ్ గురించి, రేకుల గురించి, వాటి అద్దె తినేవాళ్ల గురించి దులిపేస్తున్నాను. సూది గీతను తాకింది. మాట అక్కడే వదిలి, మైకు ఆయన కూతురికిచ్చాను.

"ముందు ఆ షెడ్డుకి కిటికీ పెట్టించండి" అంది. "రేపట్నుంచి అక్కడ కూర్చునేది మా ఆయన."

సభకొచ్చిన తాపీమేస్త్రీ ఒకడు అప్పుడే లేచి షెడ్డు గోడ కొలవడం మొదలుపెట్టాడు. ఆమె మాట్లాడినంతసేపూ సూది ఆ ఎర్ర గీత మీదే నిలబడింది.