జీపు కిందికి తోసిన చద్దర్ల మూట

దగ్గరగా జరిగి కూర్చోండి, మా కుంఠా నాకా వాడలో జరిగిన ముచ్చట చెబుతాను. మా ఆయన చద్దర్లు, అంటే నేత దుప్పట్లు, మోసే జీపు ముందుభాగం వంగిపోయి, గతుకుల దారుల్లో నేలకు రాసుకునేది. దాన్ని ఎత్తు చేయడానికి స్ప్రింగుల మీద పెట్టే ఇనుప బిళ్లలు తెచ్చి, ఇంటి ముందే బిగించసాగాడు. జాకీతో లేపి, ఆసరాగా మగ్గానికి పడుగు చుట్టే దుంగను కింద పెట్టి, తాను జీపు కిందికి దూరాడు.

“గుండ్రటిది, దొర్లదా?” అంటూ నేను గట్టిగా కట్టిన చద్దర్ల మూటను కూడా దుంగ పక్కన జీపు కిందికి తోశాను.

“గిరాకీల మాల్ ఖరాబ్ జేస్తవా? తియ్యి!” అని కిందనుంచి అరిచాడు. నేను తీయకుండా, పక్కనే కూర్చుని మళ్లీ బీడీలు చుట్టసాగాను.

అంతలోనే జాకీ జారింది, దుంగ దొర్లింది, జీపు ధబ్బున కూలింది. నా ఒళ్లోని బీడీల చేట ఎగిరిపడింది. పరుగున వెళ్లి వంగి చూశాను. జీపు మూట మీద ఆగింది. కిందనుంచి ఆయన గొంతు వినబడింది.

“ఏందే, చద్దర్లకు మరకలైనయా?”

“మరకలు పోతయి, ముందుగాల నువ్వు బయటికి రా!” అని ఏడుస్తూనే నవ్వేశాను.

ఆ గొంతు వినబడేదాకా గడిచిన క్షణం తలుచుకుంటే ఇప్పటికీ దడే. మీ ఇంట్లోనూ కసురుకునే గొంతులన్నీ నూరేళ్లు చల్లగా వినబడాలి.