దొరసానమ్మ వదలని అలవాటు

మొన్నటి వానలకు నల్లా నీళ్ళు ఎర్రగా వస్తున్నాయని, పొద్దున్నే మున్సిపాలిటీ ఆటో ఒకటి మైకు పెట్టుకుని మా గల్లీకి వచ్చి, నీళ్ళు కాచి చల్లార్చి తాగండ్రి అని అరుచుకుంటూ పోయింది. మా కోడలు విన్నట్టే లేదు. నాకు మాత్రం చేతిలోని చాయ్ తాగబుద్ధి కాలేదు. కాచడం సరే, ఆ చల్లార్చడం అన్న మాట దగ్గరే నా ప్రాణం యాభై ఏళ్ళకు పైగా చిక్కుకుని ఉంది. నా ఈడు వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, ఈ సంగతి వాళ్ళకే చెప్పుకోవాలి.

నిజాం పాలన చివరి రోజుల్లో నేను మెదక్‌లో ఒక మిషన్ బడిలో చిన్న తరగతుల పంతులమ్మను. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, నోటికి అదుపు లేదు. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన దొరసానమ్మకు తెలుగు నేర్పే పని నాకు పడింది. నలభై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, నెత్తిన బెండు టోపీ, మిట్టమధ్యాహ్నం ఊరంతా తిరిగి సాయంత్రానికి ఉడికిన దుంపలా ఎర్రబడి వచ్చేది. భాష కంటే ముందు ఈమెకు ఇక్కడ బతకడం నేర్పాలనుకున్నాను. మేజోళ్ళు విప్పించి నూలుచీర కట్టించాను. ఎండవేళ కిటికీకి తడి గోనెపట్టా వేలాడదీసి చాప మీద నడుం వాల్చడం, ఆరుబయట నులకమంచం మీద పడుకోవడం, జొన్నరొట్టె పచ్చిపులుసులో అద్దుకుని తినడం, అన్నీ నేనే అలవాటు చేశాను. మొదటిసారి ఆ కారానికి కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టినా ఆమె కంచం వదలలేదు.

అన్నిటికీ సరేనన్న ఆ మనిషి ఒక్క దానికి మాత్రం ఒప్పుకోలేదు. తాగే నీళ్ళు మసల కాగాలి, మూత కింద వాటంతటవే చల్లారాలి, ఆ తర్వాతే గొంతులోకి. మా అమ్మ అటు వెళ్ళినప్పుడల్లా పొయ్యి మీది గిన్నె చూసి, "గీ ఎసరుల బియ్యమెప్పుడు పోస్తరమ్మా?" అని ఆటపట్టించేది. దొరసానమ్మ నవ్వేదే గాని మానేది కాదు.

ఆ యేడు ఎవరికీ కంటినిండా కునుకు లేదు. ఒకవైపు రజాకార్లు, ఒకవైపు కమ్యూనిస్టు దళాలు, వాళ్ళకు అన్నం పెట్టారని వీళ్ళు, వీళ్ళకు చెప్పారని వాళ్ళు జనాన్ని కొట్టేవాళ్ళు. వానాకాలం చివర్లో యూనియన్ సైన్యం వచ్చింది, నాలుగైదు రోజుల్లో అంతా ముగిసిందన్నారు. పీడ విరగడైందని మేము సంబరపడుతుండగానే, రజాకార్ల మీది కసి వాళ్ళతో ఏ సంబంధమూ లేని బీద ముస్లింల ఇళ్ళ మీద పడింది. పల్లెల నుంచి ఆడవాళ్ళు, పిల్లలు తడిసిన బట్టలతో మా బడికి వచ్చి పడ్డారు. మగవాళ్ళు ఏరని మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. దొరసానమ్మ తరగతి గదులన్నీ తెరిపించింది.

నాలుగో రోజున గత్తర, అదే కలరా, వచ్చింది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పొద్దున ఉన్న మనిషి సాయంత్రానికి ఉండడు. బావిలోకి వాన బురద దిగింది. అందరికీ కాచిన నీళ్ళే పోయాలని దొరసానమ్మ హుకుం చేసి, కాగులు నాకు అప్పగించింది. పిల్లలు దాహం దాహమని ఏడుస్తుంటే పొగలు కక్కే ఆ నీళ్ళు ఎప్పటికి చల్లారాలి? స్నానానికి మనం ఏం చేస్తాం, మసిలే నీళ్ళలో నాలుగు చెంబుల చన్నీళ్ళు కలుపుకుంటాం. నేనూ అదే చేశాను. బావినీళ్ళు గుడ్డతో వడగట్టి కాగుల్లో కలిపాను. నిప్పు మీద కాగిన నీళ్ళలో కాసిని పచ్చినీళ్ళు కలిస్తే ఏం పోతుందనుకున్నాను. రెండు రోజులు అందరికీ అవే పోశాను, ఆమె కూజాలో కూడా. పని ఎంత చురుగ్గా చక్కబెడుతున్నానో అని లోలోపల పొంగిపోయాను కూడా.

మూడో రోజు పొద్దున ఇద్దరు పిల్లలు పోయారు. మధ్యాహ్నానికి దొరసానమ్మ పడిపోయింది. దవాఖాన నుంచి వచ్చిన డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. కళ్ళు గుంటలు పడిపోయి, నీళ్ళు కావాలని సైగ చేసింది. ఆమె ఎదుటే వేడినీళ్ళు గ్లాసులోకి వంచి, చెయ్యి తిరిగిన పనిలా పక్క బిందెలోని బావినీళ్ళు కలిపాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"రోజు గిట్లనే కలుపుతున్నవా, బిడ్డా?"

"అవునమ్మా, జల్ది చల్లారాలని."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఒక్కో మాట కూడదీసుకుంటూ, "పోరగాండ్లకు కలపకు. ఎంత ఏడ్చినా చల్లారేదాక ఆగు," అంది. పొద్దు గుంకక ముందే పోయింది.

కాగులన్నీ పారబోసి మళ్ళీ పొయ్యి ముట్టించాను. పిల్లలు కొంగు పట్టుకుని గుంజినా మూత తీయలేదు. ఇంత రాతిగుండె ఎక్కడిదే నీకు అని మా అమ్మ తిట్టింది. వారం తిరిగేసరికి గత్తర తగ్గింది. పల్లెల వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ గదులు లేవు, కొత్త బడి కట్టారు. గత్తర అంటే ఏమిటో మా ఊరి పిల్లలకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఆ రోజులు చూసినవాళ్ళలో దాదాపు నేనొక్కదాన్నే మిగిలాను కనుక, దొరసానమ్మను తలుచుకునే సభలకు నన్నే మాట్లాడమంటారు. నేను వెళ్ళి, ఆమె చీరకట్టు గురించి, జొన్నరొట్టె గురించి చెప్పి అందరినీ నవ్విస్తాను. మన అలవాట్లన్నీ ఎంత ఇష్టంగా నేర్చుకుందో చెబుతాను. ఆమె అలవాటు ఒక్కటి నేను నేర్చుకోవడానికి ఆమె ప్రాణం ఖర్చయిందని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.