తణుకు జగదాంబ తీసెయ్యని పాట

జగదాంబ మంగోలియా పాట ఎత్తుకున్న రోజున, తణుకులో వాళ్ల స్టీలు సామాన్ల కొట్లో గంగాళాలన్నీ వాటంతటవే మోగాయి. అబద్ధమైతే ఎదురుగా ఉన్న సోడాల బండి వాణ్ణి అడగండి. ఆ దేశంలో గొర్రెలు కాసుకునేవాళ్లు ఒక్క గొంతులోంచి రెండు స్వరాలు తీస్తారట. కింద తుమ్మెద ఝంకారం, పైన సన్నటి ఈల. ఆ వీడియో చూసిన దగ్గర్నుంచి ఆవిడ కౌంటర్లో కూర్చుని కళ్లు మూసుకుని సాధన మొదలెట్టింది. ఇడ్లీ పాత్ర కొనడానికి అత్తిలి నుంచి వచ్చిన ఒకావిడ "అయ్యో, అమ్మగారికి మూర్ఛ వచ్చిందండీ!" అని కేకేసి, జగదాంబ చేతిలో ఇనప తాళాల గుత్తి పెట్టేసింది.

"మూర్ఛ కాదమ్మా, మంగోలియా" అంది జగదాంబ, తాళాలు తిరిగి ఇచ్చేస్తూ.

ఆవిడది ఏడో తరగతి చదువు, ఎమ్మే నోరు. భర్త పోయాక కొట్టు పెత్తనం మరిది నాగేశ్వరప్రసాద్ చేతికి వెళ్లింది, కౌంటరు కుర్చీ ఈవిడకి మిగిలింది. ఆ కుర్చీలో కూర్చుని ఫోను తెరిచిన ఆడమనిషి ప్రపంచమంతా తిరిగొచ్చింది. తెలుగులోకి మార్చిన కొరియా సీరియల్ ఒకటి చూస్తూ, అందులో అత్తగారు మంచిదా చెడ్డదా అని కింద కామెంట్లలో ముక్కూ మొహం తెలియని వాళ్లతో నెలంతా కొట్లాడింది. కొట్లాడిన వాళ్లే స్నేహితులైపోయారు. నాగపూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే అమలాపురం పిల్ల ఉమాశ్రీ, కువైట్‌లో కారు నడిపే నరసాపురం లాజరు, ఇంకా నలుగురైదుగురు. అందరికీ కలిపి జగదాంబ ఒక గ్రూపు పెట్టింది. పేరు "ఈ వారం ఏం దొరికింది".

దాని రూలు ఒక్కటే. శనివారం వచ్చేసరికి ప్రతివాళ్లూ తమకి కొత్తగా దొరికిన మంచి సంగతి ఒకటి అందులో పెట్టాలి. పాటవ్వచ్చు, బొమ్మవ్వచ్చు, వంటవ్వచ్చు. ఏదీ దొరకనివాళ్లు ఆ వారం నోరు మూసుకుని మిగతావాళ్లది వినాలి. నోరు మూసుకోవడం జగదాంబ జాతకంలో లేదు. కాబట్టి ఏ వారమూ మానలేదు. కొరియా వాళ్ల క్యాబేజీ పచ్చడి పెట్టింది, అది మన గోంగూర ముందు నిలవదని తీర్పు కూడా చెప్పింది. కాశ్మీరు వాళ్ల కొయ్య చెక్కడం పెట్టింది. చివరికి మంగోలియా కూడా అయింది.

అప్పుడు ఉమాశ్రీ ఒక మాట అంది. "జగదాంబగారూ, లోకమంతా తిప్పారు బానే ఉంది. మీ వైపుది ఒక్కటీ పెట్టలేదేంటండీ?"

వెనకాలే లాజరు గొంతు. "అక్కగారి ఊళ్లో ఫ్యాక్టరీ పంచదార తప్ప ఏం దొరుకుద్దండీ, ఆయ్!"

అది ముల్లులా దిగిపోయింది. ఆ రోజు కౌంటర్లో ఎవరు ఏది అడిగినా ఒక్కటే మాట. "లేదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే మరిది కూతురు శ్రీదివ్యకి రాజమండ్రి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు అనంతకృష్ణ వాళ్లది పెద్ద బట్టల కొట్టు. అతని తల్లి అమ్మాజీ నడిస్తే ఆవిడ పట్టుచీర గరగరలు గోదారి అవతల కొవ్వూరులో వినిపిస్తాయని చెప్పుకుంటారు. శుభలేఖ ఇవ్వడానికి జగదాంబ మొగల్తూరులో ఉన్న తన పిన్ని దగ్గరికి వెళ్లింది. పిన్నికి కళ్లు కనబడవు, చెవులు మాత్రం పాముకి కూడా ఉండవు అలాంటివి. శుభలేఖ తడిమి చూసి పక్కన పడేసి, ముందుగా అడిగిన మాట ఇదీ.

"వియ్యపురాలిని ఎవరు తిడుతున్నారే?"

"తిట్టడమేంటి పిన్నీ?"

"వియ్యపురాలిని తిట్టకపోతే పెళ్లెలా అవుద్దే పిచ్చిమొహమా? ఆవిడ బంతిలో కూర్చుంటుంది, మనం వెనకాల నిలబడి వడ్డిస్తూ పాడతాం. పేరు పెట్టి మరీ పాడాలి. పొగిడితే అవమానం. వాళ్ల వైపు ఆడవాళ్లు తిరిగి పాడాలి. పాడలేకపోయారా, ఆ వంశానికి మాట రానట్టే లెక్క. నీ పెళ్లికి పాడలేదా?"

జగదాంబ పెళ్లినాటికే ఊళ్లో మైకుసెట్టు వచ్చేసింది. పాటలు పోయాయి. పిన్ని పళ్లులేని నోటితో బాణీ ఎత్తుకుని, మాటలు ఎలా కట్టాలో, పేరు ఎక్కడ దోపాలో నేర్పింది. బస్సులో తిరిగి వస్తూ జగదాంబ ఆ బాణీలో అమ్మాజీ పేరు దోపేసింది. భీమవరం దాటేసరికి పాట తయారు. తణుకు వచ్చేసరికి బస్సులో సగం మందికి నోటికి వచ్చేసింది.

*రాజమండ్రి నుంచి వచ్చె వియ్యపురాలు*
*రైలంత నోరు తెచ్చె వియ్యపురాలు*
*పులిహోర వడ్డిస్తే పులుపే లేదంది*
*విస్తరి చూడబోతే మెతుకే లేదండి*
*అమ్మాజీ వదినమ్మా అలకెందుకమ్మా*
*ఒళ్లో దాచిన అప్పడాలు విరుగుతాయమ్మా!*

కొట్లోకి రాగానే నిలబడి పాడి ఫోన్లో రికార్డు చేసింది. చివర్లో "లాజరూ, ఇదయ్యా మా వైపు దొరికింది. పంచదారంట, పంచదార!" అని కలిపి, గ్రూపులో పెట్టేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాళ్ల ఇళ్లలో ఏది కొత్తగా మొదలెట్టినా ముందు వినాయకుడి బొమ్మ పడాలి. కొట్టు తలుపు మీద, కాటా మీద, ఫ్రిజ్ మీద, చివరికి దోమల బ్యాటు మీద కూడా ఆయనే. స్నేహితుల గ్రూపుకీ వినాయకుడి బొమ్మే పెట్టింది. పెళ్లి కుదిరాక రెండు వైపుల వాళ్లకీ కలిపి ఇంకో గ్రూపు పెట్టమని మరిది చెప్తే, దానికీ ఆయన్నే పెట్టింది. అదే ఎర్ర పంచె, అదే ఉండ్రాళ్ల పళ్లెం. వినాయకుణ్ణి చూసి నొక్కింది. అది పెళ్లి గ్రూపు వినాయకుడు.

పాట రాజమండ్రిలో పేలింది. పెళ్లికొడుకు అనంతకృష్ణ పగలబడి నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, తల్లి చూసిందని గబుక్కున తీసేశాడు. ఆ తర్వాత అమ్మాజీ గొంతు వచ్చింది. ఆ అరుపుకి ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు జానెడు లేచాయంటారు.

"అన్నయ్యగారూ, నేను అప్పడాలు దాచే మనిషినాండీ? ఆవిడ ఆ పెళ్లిలో కనబడితే మా వాళ్లెవరూ చెయ్యి కడగరు. ముందే చెప్తున్నాను!"

నాగేశ్వరప్రసాద్ చెప్పులు విప్పకుండానే కొట్లోకి వచ్చేశాడు.

"వదినా, అది తీసెయ్యి. తీసేసి, తప్పైపోయిందని నీ గొంతుతో చెప్పి పంపు. ఆ పనికిమాలిన గ్రూపులోంచి కూడా బయటికి రా."

"పొరపాటున వెళ్లిందయ్యా. దానికి సారీ చెప్తాను. పాటకి మాత్రం చెప్పను."

"రెండిటికీ తేడా ఏంటి?"

"మా పిన్ని పాడితే మర్యాద, నేను పాడితే తప్పా? తీసేస్తే తప్పు చేశానని నేనే ఒప్పుకున్నట్టు."

"పెళ్లి చెడిపోతే?"

"పాటకి చెడిపోయే పెళ్లి, పప్పులో ఉప్పు తగ్గినా చెడిపోద్ది."

శ్రీదివ్య కూడా వచ్చింది. ఎప్పుడూ పెద్దమ్మ కొంగు పట్టుకుని తిరిగే పిల్ల ఆ రోజు దూరంగా నిలబడింది. "ఇది నా పెళ్లి పెద్దమ్మా. నీ ఫ్రెండ్స్‌కి ప్రోగ్రామ్ కాదు" అంది.

జగదాంబ చేతిలో ఉన్న గరిటెని కొంగుతో తుడిచింది, తుడిచిందే తుడిచింది. చివరికి మెల్లగా అంది. "నిజమేనమ్మా. కానీ ఇన్నాళ్లూ నేను పెట్టినవన్నీ ఎవరో చూపిస్తే చూసినవే. కొరియా నాది కాదు, మంగోలియా నాది కాదు. నా అంతట నాకు దొరికింది ఇదొక్కటే. ఇది కూడా తుడిపేస్తే, ఇక కౌంటర్లో కూర్చునే బొమ్మే మిగులుద్ది."

శ్రీదివ్య వెళ్లిపోయింది.

మర్నాడు జగదాంబ పెళ్లి గ్రూపులో గొంతు విప్పింది. క్షమాపణ అనుకుని మరిది వాళ్లింట్లో అందరూ చుట్టూ చేరి విన్నారు.

"అమ్మాజీ వదినగారూ, నమస్కారమండీ. బంతిలో పాడాల్సింది ముందే మీ చెవిన పడింది, ఆ తొందరపాటుకి మన్నించండి. పాట మాత్రం మీదే, వెనక్కి తీసుకోను. తిరిగి పాడటం మీ వంతండి. మీ వైపు ఎవరికీ రాకపోతే మొహమాటపడకండి. నన్ను తిట్టే పాట కూడా నేనే కట్టి పంపిస్తాను."

నాగేశ్వరప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు. అతనికి గాలి కోసం తిప్పిన ఫ్యాను వేగానికి కేలండర్లో నెలలు మారిపోయాయి. అటు నుంచి జవాబు లేదు. అమ్మాజీ చూసినట్టు గుర్తు మాత్రం పడింది. అరిచే మనిషి మాట్లాడకపోతే ఇంకా భయం.

నాగేశ్వరప్రసాద్ తెలివైన వ్యాపారి. పాడకుండా నోరు కట్టలేనని తెలిసి, బంతిని తీసేశాడు. కాలవ గట్టున ఉన్న ఫంక్షన్ హాల్లో మొత్తం బఫే పెట్టించాడు. పళ్లెం పట్టుకుని తిరిగేవాళ్ల వెనకాల ఎవరు పాడతారు? పైగా డీజే పెట్టించాడు. ఆ మోతకి కాలవలో చేపలు గట్టెక్కాయి. జగదాంబ ఇంటి పెద్ద కోడలు కాబట్టి రావద్దని అనలేకపోయాడు. గుమ్మంలో మాత్రం చెయ్యి చాపాడు.

"ఫోను ఇచ్చి లోపలికి వెళ్లు వదినా."

"ఫోను తీసుకో. గొంతు నా దగ్గరే ఉంటుంది" అంటూ ఇచ్చేసింది. ఫోను అతని జేబులో గుయ్యిమంటూనే ఉంది. ఏమైందో చెప్పమని కువైట్ నుంచి, నాగపూర్ నుంచి.

తాళి కట్టడం అయింది. మగపెళ్లివారు భోజనాలకి లేచారు. అమ్మాజీ గరగరలాడుతూ వచ్చి బఫే వరస ముందు నిలబడింది. పళ్లెం అందివ్వబోయిన కుర్రాణ్ణి ఒక్క చూపు చూసింది.

"బంతి ఏదీ?"

"బఫే అండి వదినగారూ, మీకు సౌకర్యంగా ఉంటుందని..." నాగేశ్వరప్రసాద్ చేతులు నలుపుకున్నాడు.

"నేనేమన్నా రైలుకి వెళ్లిపోవాలా, నిలబడి తినడానికి? విస్తళ్లు వేయించండి. ఆ టపటపలు ఆపించండి. నా పేరు పెట్టి పాడినావిడ ఎవరో, ఆవిడే వచ్చి నాకు వడ్డించాలి."

డీజే ఆగిపోయింది. బల్లలు జరిపారు, అరటాకులు పరిచారు. అమ్మాజీ మధ్యలో కూర్చుంది. అటూ ఇటూ ఆవిడ తోడికోడళ్లు. జగదాంబ పులిహోర బేసిన్ చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. చూపు దించలేదు.

"మీరేనా?" అంది అమ్మాజీ.

"నేనేనండి. పులిహోరలో పులుపు ఉందండి, చూడండి."

"ఇంతలావు పాట పాడి, మేం ఊరుకుంటామనుకున్నారా? మా ఆయన మేనత్త ధవళేశ్వరంలో ఉంది. ఆవిడ చుట్టూ తిరిగి నేర్చుకోవడానికి నా ప్రాణం పోయింది. ఊఁ, అందుకోండర్రా!"

తోడికోడళ్లు గొంతు కలిపారు.

*తణుకూరి జగదాంబ తగవుల వదినా*
*తళతళ గిన్నెల కొట్టు తలుపుల వదినా*
*అరచేతి ఫోనులో లోకాలు చూస్తుంది*
*అడుగంటే అన్నం చూడ తీరిక లేదంది*
*పాటైతే పాడింది, గొంతెట్టా ఉందమ్మా?*
*గంగాళం మెట్ల మీద దొర్లినట్టుందమ్మా!*

ముందు నవ్వింది జగదాంబే. ఆ తర్వాత హాలు పైకప్పు ఎగిరిపోయింది. అన్నంలో నెయ్యి పోసే ముసలాయన నెయ్యి తన జేబులో పోసుకున్నాడు.

అప్పుడు శ్రీదివ్య పెళ్లిపీటల మీంచి లేచి, బరువైన చీర రెండు చేతులా ఎత్తుకుని, సరాసరి తండ్రి దగ్గరికి వచ్చింది.

"డాడీ, పెద్దమ్మ ఫోనివ్వండి."

"ఎందుకమ్మా?"

"వాళ్ల వైపు పాడారు. మన వైపు జవాబు చెప్పాలి. అందరూ చూడాలి." ఫోను లాక్కుని గ్రూపుకి వీడియో కలిపి, పెళ్లికూతురే స్వయంగా ఎత్తి పట్టుకుంది. ఈసారి సరైన వినాయకుడే. అవతల లాజరు కారు పక్కకి ఆపి "కానియ్యండి అక్కగారూ, ఆయ్!" అని అరుస్తున్నాడు.

జగదాంబ బేసిన్ కింద పెట్టి, కొంగు బిగించి, అక్కడికక్కడే కట్టింది. బంతి తీసేసి బఫే పెట్టిన పెళ్లికూతురి తండ్రి మీద కట్టింది. ఆ చరణానికి మాత్రం అమ్మాజీ కూడా ఎదురు పాడలేదు, వంత పాడింది. అంతా అయ్యేసరికి విస్తళ్లలో సాంబారు చల్లారిపోయింది. మగపెళ్లివారు చల్లారిన సాంబారు గురించి మాట అనకుండా తిన్న పెళ్లి గోదావరి జిల్లాల్లో అదొక్కటే.

అమ్మాజీ మెత్తబడిందని మాత్రం అనుకోకండి. చెయ్యి కడుక్కుంటూ అంది. "పాట బాగుంది. అప్పడాల మాట మాత్రం నేను మర్చిపోను."

"మర్చిపోవద్దనే కదండీ పెట్టాను" అంది జగదాంబ.

నాగేశ్వరప్రసాద్ వదినతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. అతని మీద కట్టిన చరణాన్ని తణుకు బజార్లో పిల్లలు సైకిళ్లు తొక్కుతూ పాడుతున్నారు మరి. అమ్మాజీ శ్రీమంతానికి పాట కట్టుకుంటోందని రాజమండ్రి నుంచి వార్త వచ్చింది. శ్రీదివ్య ఇంకా నెల కూడా తప్పలేదు. జగదాంబ ఊరుకుంటుందా, మొగల్తూరు బస్సెక్కింది.

మొదటి పాట మాత్రం పెళ్లి గ్రూపులో అలాగే ఉంది. తీసెయ్యలేదు.