బుడిపె లేని వాచీ

మా పొలం కాలువకు చిట్టచివరన ఉండేది. సాగర్ నీళ్లు మేజరు కాలువలోంచి తూము దాటి, పిల్లకాలువలో పడి, పైనున్న పొలాలన్నీ తడిపాక మిగిలితే మాకు. మాది గొర్రెలు కాసిన ఇల్లు. మందలో సగం అమ్మి అనంతగిరి దగ్గర ఆ రెండెకరాలు కొన్నాడు మా నాయన. నేను సూర్యాపేటలో కిరాయి గదిలో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. ఆదివారం వస్తే కోదాడ మీదుగా ఊరికి పోయేదాన్ని. అమ్మ వంట కోసం అని అందరికీ చెప్పేదాన్ని కానీ, అసలు సంగతి ఆదివారం మా నీళ్ల వంతు.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు, ఒక యాసంగిలో నీళ్లు బాగా తగ్గాయి. తూము వారానికొకసారే తెరిచేవాళ్లు. ఆదివారం పొద్దున్నుంచి పన్నెండింటి దాకా మా పై పొలానిది, పన్నెండు నుంచి పొద్దుగూకే దాకా మాది. ఆ పై పొలం ఆసామిని ఊళ్లో అందరం పటేలా అనే పిలిచేవాళ్లం. పెద్ద కమతం, ఊళ్లో మాట చెల్లే మనిషి. పన్నెండు కాగానే ఆయన తన గండిని మట్టితో మూసి నీళ్లను కిందికి వదలాలి. దాన్నే మడవ తిప్పడం అంటాం. అయితే పన్నెండంటే ఎవరి పన్నెండు? అక్కడే వచ్చేది పేచీ.

"పటేలా, టైమైంది. మడవ తిప్పు," అనేవాడు నాయన, కాలువ గట్టు మీద పార ఆనించుకుని.

"యాడయింది? నా వాచీల ఇంక పది నిమిషాల మీదనే ఉన్నది. నీ వాచి ఉరుకుతది."

"నాది ఉరుకది. నీదే కుంటుతది."

మొదట్లో ఇది వేళాకోళంలాగే ఉండేది. వరి పొట్టకొచ్చాక వేళాకోళం పోయింది. పొట్ట మీదున్న పైరుకు నీళ్లందకపోతే గింజ పాలు పోసుకోదు, తాలు మిగులుతుంది. మా కింది మడి అప్పటికే నెర్రెలు విచ్చింది. ఒక ఆదివారం ఇద్దరూ గొంతులు పెంచారు. చివరికి పటేల్ తన వాచీ విప్పి నాయన వాచీ పక్కన పెట్టి, ముల్లు తిప్పే బుడిపెలు చూపించాడు.

"దీనికి బుడిపె ఉన్నది, దానికి బుడిపె ఉన్నది. ఎవడు ఎన్నడు తిప్పిండో ఎవరికెరుక? బుడిపె లేని వాచి తెండి. అది ఎంత జెప్తె అంత. నేను గూడ కట్టువడి ఉంట." తర్వాత నా వైపు తిరిగాడు. "సైన్సు పంతులమ్మవు గద, నువ్వే ఎతికి తే."

నాయన సరే అనలేదు, వద్దనలేదు. "సూద్దాం తియ్యి," అని పార భుజాన వేసుకున్నాడు. నేను మాత్రం అప్పటికప్పుడే ఒప్పేసుకున్నాను. మా ఇంట్లో టైమంటే నాయన వాచీయే. దాన్ని నమ్ముకుని మాకు ఏనాడూ బస్సు తప్పిపోలేదు. చిన్నప్పుడు బడి గేటు తాళం తీయకముందే పోయి నిలబడేదాన్ని. అలాంటి మనిషిని పటేల్ దొంగ లెక్కన మాట్లాడడం నాకు సహించలేదు. నాయన మాట నిలబెట్టాలి, కింది మడి ఎండకుండా చూడాలి. రెండూ ఒక్క వాచీతో అయిపోతాయనుకున్నాను.

ఇక నాకు వాచీల పిచ్చి పట్టింది. ఎవరితో మాట్లాడుతున్నా చూపు వాళ్ల మణికట్టు మీదికే పోయేది. నాక్కావలసింది నీళ్లలో, బురదలో చెయ్యి పెట్టినా చెడనిది. తోలు బెల్టు పనికిరాదు, కుళ్లిపోతుంది. ఎండలో కూడా అంకెలు కనబడాలి. ఇవన్నీ ఆటగాళ్లు పెట్టుకునే డిజిటల్ వాచీల్లో దొరుకుతాయి. ఖరీదు కూడా నా జీతానికి అందేదే. చిక్కంతా ఆ బుడిపెతోనే.

సూర్యాపేటలో వాచీల షాపతను నా మాట విని కళ్లజోడు పైకి జరుపుకున్నాడు. "బుడిపె లేకుంటే టైం ఎట్ల పెడ్తరు మేడం?" అని, చుట్టూ నాలుగు గుండీలున్న వాచీ ఒకటి నా ముందు పెట్టాడు. "ఇగో, బుడిపె లేదు. గుండీలే."

"గుండీతో కూడా టైం మారుతది గద?"

"మారుతది. మారకుంటె దాన్నెవరు కొంటరు?"

అతని మాటలో తప్పేం లేదు. సెల్‌ఫోన్ టైము చూసుకోవచ్చు కదా అని మా బడిలో లెక్కల సారు సలహా ఇచ్చాడు. నా ఫోను బ్యాటరీ తీసి పెడితే చాలు, ఇది ఏ సంవత్సరమో అది నన్నే అడిగేది. దాన్ని పటేల్ ముందు సాక్ష్యానికి ఎలా నిలబెట్టను?

కోదాడ బస్టాండు దగ్గరి షాపాయన మాత్రం నా ప్రశ్నకు నవ్వలేదు. "ఉంటాయండి అలాంటివి. గాల్లో సిగ్నల్ వస్తుందంట, దాన్ని పట్టుకుని వాచీ దానంతటదే టైము సరిచేసుకుంటుందంట. మన దగ్గర దొరకవు. మిర్యాలగూడలో స్టేషన్ రోడ్డులో ఒకాయన దగ్గర చూశానండి," అన్నాడు. ఆ రోజంతా నాకు మరో ధ్యాస లేదు. మనిషి చెయ్యి పడకుండా గాల్లోంచి వచ్చే టైము. బస్సులో కూర్చుని కిటికీలోంచి ఆకాశం వైపు చూశాను, అక్కడేదో కనబడుతుందన్నట్టు.

మిర్యాలగూడకు బడి సెలవు రోజున పోయాను. ధాన్యం లారీలు దారి ఇవ్వలేదు, మిల్లుల ఊక కళ్లల్లో పడింది. ఆ షాపు రేకుల కొట్టు. షాపాయన డబ్బాలోంచి నల్లటి, మందపాటి వాచీ తీశాడు. మిల్లులో బియ్యంలోంచి నల్ల గింజలు ఏరే మిషను బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీరు దాన్ని అక్కడి ఫిట్టర్‌కు ఇచ్చిపోయాడట. ఫిట్టర్ ఇక్కడ అమ్ముకున్నాడు. గుండీ నొక్కితే ఆకుపచ్చ వెలుతురు వచ్చింది. ఇంకో గుండీ నొక్కితే సెకన్లు పరుగెత్తాయి. అంకెల పక్కన చిన్న టవర్ బొమ్మ ఉంది.

"రోజు దానంతటదే టైం తెచ్చుకుంటదట," అన్నాడాయన.

"తెచ్చుకున్నదా మరి?"

"నా షాపుల ఐతే ఇంకా తెచ్చుకోలే. రేకులు గద, సిగ్నల్ అందుతలేదేమో."

అందుకే చవగ్గా ఇచ్చాడు. కొన్నాను. తిరిగొచ్చే బస్సులో దాని లైటు ఎన్నిసార్లు వేశానో, పక్క సీటావిడ విసుగొచ్చి తల తిప్పుకుంది.

తర్వాతి రోజుల్లో దాన్ని పెట్టని చోటు లేదు. కిటికీలో పెట్టాను, మిద్దె మీద పెట్టాను, నీళ్ల ట్యాంకు మూత మీద పెట్టాను. పొద్దున్నే లేచి చూస్తే తప్పు జరిగిందని చెప్పే మూడు ఇంగ్లిషు అక్షరాలే. "ఏందమ్మా, వాచి గూడ ఎండవెడుతున్నవా? అప్పడాలతోటి కలిపి పెట్టు," అనేది నా గది కిరాయికిచ్చిన ఇంటామె. చివరికి నెట్ సెంటర్‌కు పోయి కూర్చున్నాను. తెర మీద ప్రపంచం పటం మెల్లగా తెరుచుకుంది. టైము పంపే టవర్లు నాలుగైదు దేశాల్లోనే ఉన్నాయి. వాటి చుట్టూ గీసిన గుండ్రాలన్నిటికీ మనం బయటే ఉన్నాం. ఇంకో తమాషా కూడా తెలిసింది. వాచీలో ఇంకా ఆ ఇంజినీరు ఊరే ఉండబట్టి అది రోజూ వెతికింది, ఊరు ఢిల్లీ అని పెడితే సిగ్నల్ కోసం వెతకనైనా వెతకదు. వెతికితే దొరకదని దానికి ముందే తెలుసు. కోపం రావలసింది పోయి నాకు నవ్వొచ్చింది. కాలువకు మేమెలా చివరనో, టైముకు మన దేశమే అలా చివరన ఉంది.

ఆదివారం ఊరికి పోయి ఉన్న మాట చెప్పాను. పటేల్ తన మోటరు కొట్టం ముందు మంచం మీద కూర్చుని వాచీని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"అంటె గాలిలకెల్లి టైం మనదాక రాదన్నట్టు."

కొట్టంలో రేడియో మోగుతోంది. నాకు అప్పుడు తట్టింది.

"వస్తది పటేలా. మీ రేడియోలనే వస్తది. వార్తల ముందు కూతలు రావా? అవి గాలిలకెల్లి వచ్చేవే గద. ఇద్దరి ముందట దాంతోనే పెడ్త."

ఆయనకు నచ్చింది. నాయనను పిలిపించాడు. ముగ్గురం మంచం చుట్టూ చేరి వార్తల కోసం కాచుకున్నాం. వరసగా పొట్టి కూతలు వచ్చాయి, పొడుగు కూత దగ్గర నేను గుండీ నొక్కాను. కొత్త వాచీ కుదిరింది. దాని పక్కన పటేల్ వాచీ పెడితే ఒక్క నిమిషం తేడా. నాయన వాచీ పెడితే పది నిమిషాలకు పైగా ముందుంది.

పటేల్ ఏమైనా అంటాడేమోనని చూశాను. బీడీ ముట్టించుకున్నాడు. అంటేనే బాగుండేది. నాయన నా మొహం చూడకుండా పార తీసుకుని కిందికి నడిచాడు.

పన్నెండు కాగానే పటేల్ తన మాట ప్రకారం గండి మూశాడు. నేనూ నాయనా మా పొలం గండి దగ్గర నిలబడ్డాం. పన్నెండింటి పేచీలన్నీ పటేల్ గండి దగ్గరే చూశాను, మా గండికి మాత్రం ఎప్పుడూ అన్నం గిన్నెతో నీళ్లు పారుతుండగానే వచ్చేదాన్ని. పన్నెండింటికి అక్కడ నిలబడటం అదే మొదటిసారి. కాలువ ఎండిపోయి ఉంది. అడుగున చీమలు తిరుగుతున్నాయి.

"టైమైంది గద బిడ్డా?" అన్నాడు నాయన.

"అయింది నాయినా."

"మరి నీళ్లేవి?"

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. "వాచి నేనే జరిపిన. పొలం కొన్న యాడాదే జరిపిన. పటేల్ మడవ తిప్పినంక నీళ్లు గీడిదాక నడిచి రావాలె. గా టైం నాకెవరిస్తరు? అడుగుదామంటె నోరు రాలే. ఇగ వాచినే ఉరికిచ్చిన."

నాకు కోపం వచ్చింది. బడి గేటు ముందు చలిలో నిలబడ్డ పొద్దులన్నీ గుర్తొచ్చాయి. నాయనంత నిక్కచ్చి మనిషి లేడని నేను ఎందరికి చెప్పుకున్నానో గుర్తొచ్చింది. ఆ కోపం చల్లారేలోపే, సరైన వాచీ తెచ్చి ఆయన దాచుకున్న ఆ కాసిన్ని నిమిషాలూ నేనే లాగేశానని అర్థమైంది. సాయంత్రం తూము మూసే వేళకు కింది మడికి నీళ్లు చేరలేదు.

ఆ వారం పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు. నీళ్లు అంత దూరం నడవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క ప్రశ్నే బుర్రలో తిరిగింది. పరుగు పందెంలో మనుషుల్ని కొలిచే గుండీ నా చేతి మీదే ఉంది.

తర్వాతి ఆదివారం పటేల్ గండి మూస్తుంటే నేను ఆ గుండీ నొక్కి, "నీళ్లతో నడుద్దాం వస్తరా పటేలా?" అన్నాను. ఆయన వింతగా చూశాడు కానీ చెప్పులు విడిచి వచ్చాడు. నీటి కొస పక్కనే గట్టు మీద నడిచాం. నడిచాం అనకూడదు, ఆగి ఆగి నిలబడ్డాం. ప్రతి నెర్రె దగ్గరా నీళ్లు ఆగి తాగిపోయేవి. ఎండ్రకాయ బొక్క కనబడితే సుడి తిరిగి అందులోకి దిగేవి. గడ్డి అడ్డం వస్తే చెత్తను ముందుకు నెట్టుకుంటూ పక్కకు పాకేవి. పటేల్ వంగి ఒక బొక్కను కాలి మడమతో మూశాడు.

"నేనెన్నడు గింత కిందికి రాలే," అన్నాడు.

మా గండి దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. నీళ్లు ఆయన పాదాలను తాకగానే గుండీ మళ్లీ నొక్కాను. అంకెలు ఇద్దరికీ చూపించాను. నాయన వాచీని ముందుకు జరిపిన దానికి దాదాపు రెండింతలు పట్టింది.

"గంతనా?" అన్నాడు నాయన. ఇన్నేళ్లూ ఆయన దొంగిలించానని లోలోపల కుమిలిపోయింది, తనకు రావలసిన దాంట్లో సగమే.

పటేల్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "మీ వంతు అయినంక కాల్వల మిగిలిన నీళ్లు గూడ మీకే గద వచ్చేది? గది గూడ కొలువు," అన్నాడు. న్యాయమైన మాటే. సాయంత్రం దాకా మాతోనే ఉండి, అమ్మ పంపిన జొన్నరొట్టె తిని, తూము మూశాక ఆయనే గండి దగ్గర కూర్చున్నాడు. ధార సన్నబడి, కాసేపటికే ఆగిపోయింది. మిగిలిందంతా కాలువ అడుగే తాగేసింది. ఆయన తడి మట్టిని వేలితో పొడిచి చూసి, లేచి ఇంటికి పోయాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియక వారమంతా నాకు పరేషాన్ అయింది.

మరుసటి ఆదివారం నేను బస్సు దిగి నేరుగా పొలానికే పోయాను. పన్నెండు ఇంకా కాలేదు. మా కాలువలో నీళ్లు వస్తున్నాయి, దారిలో ఎండ్రకాయ బొక్కలన్నీ మట్టితో మూసి ఉన్నాయి. వెనకే పటేల్ మోకాళ్ల దాకా బురదతో గట్టు దిగి వచ్చాడు. నీళ్లు నాయన కాళ్లకు తగిలాక నా చేతి వైపు చూశాడు.

"ఎంతయింది?"

"సరిగ్గ పన్నెండు."

"ఇగ సురువు జేసుకో," అన్నాడు నాయనతో. "గింతకు ముందు ఒక్క మాట అడుగకపోతివి."

నాయన పార గట్టుకు గుచ్చి, తువ్వాలతో చెయ్యి తుడుచుకుని, తన పాత వాచీ విప్పి నా అరచేతిలో పెట్టాడు.

"గిది గూడ గా టైంకే పెట్టు బిడ్డా."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ముందుకే ఉన్న ఆ ముల్లును, బుడిపె పట్టుకుని వెనక్కి తిప్పాను. తిప్పుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాయన అది చూడలేదు. అప్పటికే ఆయన నీళ్లను కింది మడికి మళ్లిస్తున్నాడు.