పెద్దమ్మ దాచుకున్న పేపరు

నా చిన్నప్పుడు ఆదోనిలో మా వీధి మొత్తానికి పేపరు వచ్చేది మా తాతయ్య ఒక్కడికే. అదీ పత్తి ధరల కోసం. యుద్ధం మొదలయ్యాక పొద్దున్నే అందరూ మా అరుగు మీద చేరేవాళ్ళు. పక్కింటి పెద్దమ్మ అందరికంటే ముందు వచ్చేది. ఆమెకు చదువు రాదు. ఒక్కగానొక్క కొడుకు సరిహద్దులో ఉన్నాడు.

పేపరు నిండా మన గెలుపులే. అవతలివాళ్ళు ఎందరు చచ్చారో పెద్ద అక్షరాల్లో వేసేవాళ్ళు, మనవైపు 'స్వల్ప నష్టం' అని ఒక్క ముక్క. తాతయ్య చదువుతుంటే చప్పట్లు కొట్టేవాళ్ళం. నేనూ కొట్టినదాన్నే, సిగ్గులేకుండా. "స్వల్పమంటే ఎంతమంది మామా?" అని పెద్దమ్మ అడిగితే, "ఏం లేదులేమ్మా" అని తాతయ్య పేజీ తిప్పేసేవాడు.

ఒకరోజు ఆమె కొడుకు పోయాడని తంతి వచ్చింది. మూడోనాడు ఆమె మళ్ళీ మా అరుగెక్కింది.

"మావాని గురించి రాసింటారు గదా మామా, సదువు."

తాతయ్య ప్రతి పేజీ వెతికాడు. ఎక్కడా లేదు. ఆ రోజూ గెలుపే. చివరికి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మన ఆదోని బిడ్డ, బంగారంలాంటివాడు, తల్లిని తలుచుకుంటూ ప్రాణం వదిలాడు, దేశమంతా ఏడ్చింది. నేను ఆయన భుజం మీదుగా చూశాను. ఆయన వేలు పత్తి ధరల మీద ఉంది.

ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని, మడిచి రవికలో పెట్టుకుంది. ఆమె వెళ్ళాక తాతయ్య నన్ను పిలిచి, "ఆయమ్మ సదవమంటే నువ్వూ ఇట్లే సదువు. ఒక్క మాట తప్పినావంటే సూడు" అన్నాడు. వీధిలో చదువొచ్చినవాళ్ళందరికీ అదే చెప్పి వచ్చాడు. ఎవరూ బయటపెట్టలేదు.

ఆమె పోయేదాకా ఎన్నిసార్లు చదివి వినిపించానో. దేశమంతా ఏడ్చిందన్న చోట ప్రతిసారీ ఏడ్చేది. ఏ దేశం తల్లీ! దేశానికి వాడి పేరన్నా తెలుసా?

ఇప్పుడు ఎమ్మిగనూరులో మా కూతురింట్లో ఉంటున్నాను. యుద్ధమంటే చాలు, టీవీలో కోట్లు వేసుకున్నవాళ్ళు మ్యాచ్ గెలిచినట్టు అరుస్తారు. "ఏందవ్వా, మనోళ్ళు గెలుస్తాంటే మొగం అట్ల పెడతావు?" అంటాడు మనవడు. వాడికేం చెప్పను? చెప్పినా వింటాడా? ఏమీ మారలేదు, మారుతుందన్న ఆశా నాకు లేదు.

ఆ యుద్ధం గురించి పేపర్లో అచ్చయినవన్నీ మరిచిపోయాను. అచ్చుకానివి మాత్రం ఈ వయసులోనూ పొల్లు పోకుండా నోటికొచ్చు.