పది వరుసలకోసారి ఆగే ప్రోగ్రాం

మా రాజేందర్ బావకు వచ్చిన కంప్యూటర్ భాష ఒక్కటే, బేసిక్. ఇంటర్ చదివే రోజుల్లో నల్గొండలో ఓ చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాడు. పత్తి మిల్లులో ఆపరేటర్‌గా చేరాక లోకం ఎన్ని భాషలు మార్చినా ఆయన మాత్రం మారలేదు. నల్లా నీళ్లు ఏ రోజు వస్తాయో చెప్పడానికి బేసిక్. పెళ్లికి ఎవరిని పిలవడం మరిచామో చూసుకోవడానికీ బేసిక్. "ఇంట్ల కత్తిపీట ఉండంగ కూరగాయలు కోయనీకి మిషినెందుకురా?" అనేవాడు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆయన భార్య, మా అక్క రోజారమణి, చీరల నూలుకు చిటికి కడుతుంది. అంటే, రంగులో ముంచేముందు డిజైన్ ప్రకారం నూలును అక్కడక్కడా రబ్బరు పట్టీలతో బిగించడం. కట్టిన చోట రంగు అంటదు. తెలంగాణ వచ్చిన ఏడాది అక్కకు మెడ పట్టేసి, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. మధ్యమధ్య లేచి తిరగకపోతే ఆ చెయ్యి ఇక చిటికికి పనికిరాదని దవాఖానలో చెప్పారు. అక్క లేవడమా! పనిలో కూర్చుందంటే పొయ్యి మీద పాలు పొంగినా కదలదు.

కొన్నాళ్లకు బావ తన పాత కంప్యూటర్‌లో ఆమెకో ప్రోగ్రాం రాసిచ్చాడు. గ్రాఫు కాగితం మీదికి మెడ వంచే పని లేకుండా, డిజైన్‌లోని ఒక్కో వరుసా తెర మీద పెద్ద గళ్లతో కనిపిస్తుంది. వరుస కట్టి మీట నొక్కితే కుయ్‌మని తర్వాతి వరుస వస్తుంది. పది వరుసలకోసారి మాత్రం మొండికేస్తుంది, ఏం నొక్కినా కదలదు. అక్క విసుక్కుంటూ లేచి, నీళ్లు తాగి, వాకిట్లో మల్లెచెట్టుకు రెండు చెంబులు పోసి వచ్చేసరికి మళ్లీ నడుస్తుంది.

"ముసలి డబ్బ గదా, అలుస్తది" అనేది.

పోయిన వేసవిలో బీటెక్ చదివే కూతురు దీప్తి సెలవులకు వచ్చింది. "నాయినా, ఇంకా గిదేనా?" అని తండ్రిని ఆటపట్టించి, ఆయన మిల్లుకు పోయిన రోజు అదే ప్రోగ్రాంను పైథాన్‌లో తిరగరాసి తన లాప్‌టాప్‌లో పెట్టింది. అది ఎక్కడా ఆగలేదు. అక్కా ఆగలేదు. పొద్దుగూకేవేళకు ఆమె చేతిలోని రబ్బరు పట్టీ జారిపోయింది. తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు.

ఆ రోజు అక్కడే ఉన్న నేను బావకు ఫోన్ చేశాను. బావ వచ్చి, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆమె నిద్రపోయేదాకా వేళ్లు ఒత్తుతూ కూర్చున్నాడు.

"నాయినా, పది వరుసలకోసారి రెండు నిమిషాలు ఊకెనే తిరిగే లూపుండె. తప్పు రాసినవనుకొని తీసేసిన" అంది దీప్తి.

"నేను లెవ్వమంటే మీ అమ్మ లేస్తదా బిడ్డా? మిషిన్ ఆగితే లేస్తది."

"మరి అమ్మకు చెప్పకపోయినవ్?"

"చెప్తే తీసెయ్యమంటది."

దీప్తి ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి.

వారం తిరిగేసరికి వేళ్లు దారికొచ్చాయి. దీప్తి తన ప్రోగ్రాం కూడా మధ్యలో ఆగేలా సరిచేసింది. అక్క ఒప్పుకోలేదు. "నాకు పాతదే పెట్టుండ్రి. గది నా తీర్గనే అలుస్తది, నాకు జోడు" అంది.

బావ పాత కంప్యూటర్ పెట్టాడు. పదో వరుస కాగానే తెర ఆగింది. అక్క ఈసారి విసుక్కోలేదు. దాని నెత్తి మీద చెయ్యి వేసింది.

"అలిసినవా? నిమ్మలంగ లెయ్యి. నేను గూడ జర నడిచొస్త."