మార్తమ్మగారి రేడియోలో రెండో గొంతు

దయ్యాలూ గాలి సోకడాలూ అంటే నవ్వేవాణ్ణి. రేడియోలో ఏదో దూరిందంటూ ఎవరైనా సెట్టు పట్టుకొస్తే ముందు బ్యాటరీలు చూసేవాణ్ణి. డెబ్భైల్లో విజయవాడ పటమటలో నాకు రేడియో రిపేరు షాపు ఉండేది.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, ఉయ్యూరు నుంచి మార్తమ్మగారని ఒకావిడ ట్రాన్సిస్టరు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చారు. విజయవాడ స్టేషను వెనకాల ఇంకో గొంతు కలుస్తోందట. మా దగ్గరికి వచ్చే సెట్లలో సగానికి అదే జబ్బు.

"ఆ ముందు గొంతు తగ్గించి, వెనకది తేటగా వినపడేట్టు చెయ్యండి అన్నయ్యగారూ" అన్నారు.

ఊ కొట్టానే గానీ చెవిన వేసుకోలేదు. పక్క స్టేషను తీసెయ్యమనేవాళ్ళే గానీ, ఉంచమనేవాళ్ళు ఉంటారా?

మర్నాడు పగలు పదకొండింటికి సెట్టు విప్పాను. వార్తల అడుగున ఒక మగ గొంతు పిల్లల పేర్లు పిలుస్తోంది. ఒక పేరు, కాసేపు మౌనం, మళ్ళీ ఇంకో పేరు. బళ్ళో హాజరు వేసినట్టుంది. మామూలుగా సెట్టు పక్కకి తిప్పితే స్టేషను సన్నబడుతుంది. ఇది ఎటు తిప్పినా ఒకేలా వినిపించింది. వింతే అనుకున్నాను. కానీ పనిమంతుణ్ణనే పొగరు ఉందిగా! వెనక గొంతు పూర్తిగా పోయేదాకా లోపలి కాయిల్స్ సరిచేసి, మళ్ళీ కదలకుండా వాటి మీద మైనం పోసేశాను.

సాయంత్రం ఆవిడ వచ్చి, సెట్టు చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నారు.

"ఆయన లేరేమండీ?" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆవిడ భర్త దివిసీమలో టీచరు. ఉప్పెన నాడు పిల్లల్ని బడిలోకి చేర్చి, వాళ్ళతోపాటే పోయారు. వాళ్ళబ్బాయీ ఆ బడిలోనే ఉన్నాడు. ముందే చెబితే నేను నవ్వుతానని చెప్పలేదట.

"రోజూ హాజరు వేస్తున్నారండీ. ఇంకా మావాడి పేరు దాకా రాలేదు."

వెంటనే సెట్టు మళ్ళీ విప్పాను. మైనం గీకేసి కాయిల్స్ వెనక్కి తిప్పాను. వారం రోజులు అదే పని. ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చి మీద పడ్డాయి గానీ ఆ గొంతు మళ్ళీ రాలేదు.

"పోన్లెండి అన్నయ్యగారూ, మీ పని మీరు చేశారు" అని సెట్టు తీసుకెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. మైనం పోసేముందు నేను విన్న ఆఖరి పేరు ఏలియా. ఆ అబ్బాయి పేరేమిటని ఆవిణ్ణి అడిగే ధైర్యం మాత్రం నాకు రాలేదు.